పిలవని పడుగు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో పడుగు చాపితే ఎవరినీ పిలిచే ఆచారం లేదు. తెల్లారి వీధి పొడుగునా కొయ్యలు నాటి, నూలు పోగులు చాపి గంజి పట్టిస్తుంటే చాలు, ఇరుగుపొరుగు ఎవరి కుంచె వాళ్లు పట్టుకుని వచ్చేస్తారు. గంజి ఆరేలోగా పోగు పోగునూ విడదీస్తూ దువ్వాలి మరి. ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. అక్కడ పిలవడమంటే మనిషిని పరాయివాణ్ణి చేసినట్టే.

తిమ్మన్న, మాదన్నలవి పక్కపక్క ఇళ్లు. మీసాలు రాకముందు నుంచీ పడుగుకు అటొకడు, ఇటొకడు. పందొమ్మిది వందల యాభై అయిదులో ఎన్నికలొచ్చాయి. తిమ్మన్న గోడ మీద కాంగ్రెసు కాడెడ్లు, మాదన్న గోడ మీద కమ్యూనిస్టుల కంకీ కొడవలీ వెలిశాయి. మొదట్లో అంతా ఎగతాళే.

"నీ ఎద్దులొచ్చి మగ్గం నేస్తాయేమిరా?" అనేవాడు మాదన్న.

"నీ కొడవలితో ముందు ఆ గడ్డం గీక్కోపో" అనేవాడు తిమ్మన్న.

ఒకనాడు మీటింగులో ఎవరో మైకు చేతికిచ్చారు. తిమ్మన్న ఊపులో ఉన్నాడు. "దేశద్రోహులు యాడో లేరప్పా, మా వీధిలోనే ఉండారు!" అనేశాడు. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పోలింగు దగ్గర పడ్డాక మాదన్న పడుగు చాపాడు. అతని పార్టీవాళ్లు ఊరేగింపుకని ఆదోని పోయారు. కాడెడ్ల ఇళ్ల తలుపులు తెరుచుకోలేదు. మాదన్న, భార్య లింగమ్మ ఇద్దరే కుంచెలతో అటూ ఇటూ పరుగులు పెడుతున్నారు. తిమ్మన్న అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

"పోరాదా?" అంది భార్య పార్వతమ్మ.

"ఒక్క మాట పిలవమను, పోతా."

"ఈ వీధిలో ఎవరన్నా ఎప్పుడన్నా పిలిచిరా?"

"ఇప్పుడు పిలవమను."

ఎండ ముదిరింది. తిమ్మన్న లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరికి మనసు ఒప్పుకోక కుంచె పట్టుకుని వీధిలోకి దిగేసరికి గంజి బిగుసుకుపోయింది. దువ్వబోతే పోగులు పుటుక్కుమని తెగాయి.

"ఇంక సాల్లేప్పా" అన్నాడు మాదన్న, తలెత్తకుండానే.

కాడెడ్లు గెలిచాయి. తిమ్మన్న మెడలో ఒక దండ పడింది. మాదన్న మగ్గం ఎత్తేసి, పెళ్లాంతో ఆదోని పత్తి మిల్లులో కూలికి పోయాడు.

వానలు వెనకబట్టాక తిమ్మన్న ఆదోని వెళ్లి, మిల్లు గేటు దగ్గర అతణ్ణి పట్టుకున్నాడు. మాదన్న కనురెప్పల నిండా పత్తి నుసి.

"తప్పయిందిరా. ఆ మైకులో మాట..."

"మేం ఊరిడిసింది దానికి కాదులేప్పా. మేం తక్కువ తిట్టినామా? ఎలక్షన్లంటే అందరికీ పూనకమే." మాదన్న మొహం తుడుచుకున్నాడు. "ఆ పొద్దు లింగమ్మ ఊకూకే నీ అరుగు దిక్కు చూస్తాండె. అన్న వస్తాడు, అన్న వస్తాడు అంటాండె. ఇప్పుడు ఆ వీధి పేరెత్తితే లేసి పోతాది."

మిల్లు కూత వేసింది. మాదన్న లోపలికి పోయాడు.

ఇంటికి రాగానే పార్వతమ్మ ఎదురొచ్చింది. "ఏమంటాడు? వస్తారంటనా?"

"ఆడ కూలి బాగుందంట" అన్నాడు తిమ్మన్న, కాళ్లు కడుక్కుంటూ.