నాలుగు సెకన్ల మనిషి

రసాయనాల ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో అందరూ ఆమెను మెరుపక్క అనేవాళ్లు. అలారం మోగీ మోగకముందే ఆమె వేలు సరైన మీట మీద ఉంటుందని పేరు. కొత్త కంట్రోల్ రూము కట్టేముందు, అక్కడ మనుషులు ఎలా పనిచేస్తారో కంప్యూటర్లో నడిపి చూడాలని ఒక ఇంజనీరు వచ్చాడు. కొలతలు తీసుకోడానికి మేనేజరు ఆమెనే చూపించాడు.

"రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండక్కా," అన్నాడు ఇంజనీరు.

అలాగే చేసినా బాగుండేది. అతను కొలిచిన మూడు రోజులూ ఆమె కుర్చీలోంచి లేవలేదు, మంచినీళ్లు ముట్టలేదు, పక్కనున్న ఇద్దరితో పలకలేదు. అలారానికి సగటున నాలుగు సెకన్లు. "మీలాంటివాళ్లు ఒక్కరుంటే చాలు," అన్నాడతను. అక్కడే పనిచేసే చెల్లెలికి ఆ మాట రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయింది.

కొత్త గదిలో మూడు కుర్చీలకు బదులు ఒక్కటే వేశారు. ఆమె కొలతలతో తయారుచేసిన కంప్యూటర్లోని మనిషి వెయ్యి షిఫ్టులు ఒంటరిగా లాక్కొచ్చాడట. వాడికి నడుం పట్టెయ్యదు, బాత్రూముకి వెళ్లే పనుండదు.

ఆరునెలలకి, చెల్లెలి షిఫ్టులో మూడు అలారాలు ఒక్కసారే మోగాయి. ఆవిరి వాల్వు మూసేసరికి పదకొండు సెకన్లు పట్టింది. ఈలోగా పైపు దగ్గరున్న ఫిట్టరు చేతులు రెండూ కాలిపోయాయి.

విచారణలో తెర మీద ఆ కంప్యూటరు మనిషి బొమ్మ నాలుగో సెకనుకే వాల్వు మూసి చూపించింది. "డిజైన్లో లోపం లేదు, మనిషి పొరపాటు," అన్నారు.

మెరుపక్క ఉండబట్టలేక లేచింది. "ఆ సెకన్లు నావండీ. గొప్పకి పోయి చేశాను. మామూలుగా నాకూ తొమ్మిది, పది పడుతుంది."

మళ్లీ కొలిచారు. తొమ్మిది వచ్చింది. ఇంజనీరు తల దించుకుని, "కావాలని నిదానంగా చేశారంటారక్కా. ఇవి లెక్కలోకి తీసుకోరు," అన్నాడు.

చెల్లెలి ఉద్యోగం పోయింది. "తప్పు నాదేనే," అని మెరుపక్క అంటే, చెల్లెలు మొహం తిప్పుకుంది. "నాకెందుకు చెప్తావు? ఆ ఫిట్టరుకి చెప్పు, పో."

వెళ్లింది. కట్లు కట్టిన చేతులు దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడతను. భార్య అన్నం తినిపిస్తోంది.

"ఆ రోజు మీ డ్యూటీ అయ్యుంటే నా చేతులు దక్కేవి మెరుపక్కా," అన్నాడు.

"లేదయ్యా. నేనున్నా అంతే అయ్యేది. ఆ నాలుగు సెకన్లు ఉత్త బడాయి."

అతను నమ్మలేదు. "చెల్లెలు కదా, వెనకేసుకొస్తారు మరి," అని ఇంకో ముద్ద కోసం నోరు తెరిచాడు.