ముప్పై ఏడో పేజీ కిటికీ

ఆ మనిషి ఎనిమిది వందల కిటికీల ముందు నిలబడ్డాడు. ఒక్కదాంట్లోనూ కనపడలేదు.

అదే అతని పనితనం. కిటికీలు తయారుచేసే కంపెనీ ఏటా ఒక లావుపాటి కేటలాగు వేసేది. అందులో ఫొటోలన్నీ అతనివే. గాజుని ఫొటో తియ్యడం దొంగతనం లాంటిది. పని జరిగిపోవాలి, చేసినవాడు దొరక్కూడదు. గాజులో ఆకాశం పడొచ్చు, మబ్బు పడొచ్చు, ఎదురింటి చెట్టుకొమ్మ పడొచ్చు. కెమెరా పట్టినవాడు మాత్రం పడకూడదు. అందుకని తల నుంచి మోకాళ్ళ దాకా నల్లగుడ్డ కప్పుకుని, చూడ్డానికి రెండు కన్నాలు పెట్టుకుని తీసేవాడు. వీధిలో పిల్లలు జడుసుకునేవాళ్ళట.

పెళ్ళి ఫొటోలైనా ఉండాలి కదా అంటారేమో. పెళ్ళినాడు కెమెరా అతని శిష్యుడి చేతిలో ఉంది. ఆ శిష్యుడు నాలుగు గంటలసేపు ఊపిరి తీసుకోకుండా ఫొటోలు తీశాడు. అటు తిరగండి, ఇటు చూడండి అని పెద్దవాళ్ళ మీద కూడా కేకలేశాడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, తీరా చూస్తే కెమెరాలో రీలు లేదు.

ఆ తర్వాత రెండేళ్ళకి, కూతురికి పధ్నాలుగు నెలలప్పుడు, పదిరోజుల జ్వరంతో ఆ మనిషి పోయాడు. కంపెనీ ఇచ్చిన గుర్తింపు కార్డు ఒకటి మిగిలింది. అదీ ఒక వానాకాలం అలమరలో తడిసి, ఫొటోలో చెవి ఒక్కటే మిగిల్చింది.

కూతురికిప్పుడు ముప్పై నాలుగేళ్ళు. చిన్నప్పటినుంచీ సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకోవడంతో అందరికీ బుడ్డి అయిపోయింది. పని చేసేది కూడా కళ్ళజోళ్ళ షాపులోనే. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడుతుంది. తండ్రి మొహం లేదన్న దిగులు ఆమెకెప్పుడూ పెద్దగా లేదు. లేనిదానికి అలవాటు పడటం ఆమెకి సులువే. అలవాటు పడలేకపోయింది తల్లి.

"మళ్ళీ వచ్చాడే," అంది తల్లి ఒకరోజు పొద్దున, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా.

"కల్లోనా?"

"ఊఁ. కిటికీ దగ్గర నించున్నాడు. అటు తిరిగి. ఎప్పుడూ అంతే."

"పిలవకపోయావా?"

"పిలిస్తే తిరుగుతాడు." తల్లి గ్లాసు కింద పెట్టింది. "మొహం లేకుండా తిరుగుతాడేమోనని భయంగా ఉందే. నాకు గుర్తు రావట్లేదు. మీసం గుర్తుంది, పాపిడి గుర్తుంది, కుడి బుగ్గ మీద మచ్చ గుర్తుంది. మూడూ కలిపి చూద్దును గదా, పక్కింటాయన వచ్చి కూర్చుంటున్నాడు."

బుడ్డి నవ్వబోయి ఆగిపోయింది. తల్లి కళ్ళు నవ్వడం లేదు. ఆ ఇంట్లో ఆ మొహం ఉన్న చోటు ఆ తల ఒక్కటే. ఇప్పుడు అక్కణ్ణించి కూడా జారిపోతోంది.

ఆ సాయంత్రమే బుడ్డి అటక మీద నుంచి కేటలాగులన్నీ దింపింది. షాపులో వాడే భూతద్దం తెచ్చి, ఒక్కో కిటికీనీ ఒక్కో పలక చొప్పున చూడటం మొదలుపెట్టింది. మొదటిరోజు మబ్బులు. రెండోరోజు మబ్బులు, ఒక కాకి. చూడగా చూడగా గదిగోడలు కరిగిపోయి, చేతులు చాపితే అందే దూరంలో వందలాది ఆకాశాలు తేలుతున్నట్టు అనిపించేది. ఎక్కడా మనిషి లేడు. తండ్రి గట్టివాడే.

నాలుగోరోజు దొరికింది. చివరి కేటలాగు, ముప్పై ఏడో పేజీ. నాలుగు పలకల కిటికీ. పెద్ద తెల్లమబ్బు పై రెండు పలకల్లోంచి పారి, కింది కుడి పలకలోకి దిగింది. కింది ఎడమ పలక దగ్గరకొచ్చేసరికి కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఆ పలక మసిబొగ్గులా నల్లగా ఉంది.

మబ్బు మధ్యలో ఆగిపోదు. ఎవరో ఆపారు.

ఆదివారం పొద్దున్నే ఆ కేటలాగు చంకలో పెట్టుకుని చీకటి బాబాయ్ ఇంటికి వెళ్ళింది. పెళ్ళిలో రీలు వెయ్యడం మర్చిపోయిన శిష్యుడు ఇతనే. తర్వాత జన్మంతా ఫొటోలు కడుగుతూ డార్క్‌రూమ్‌లోనే గడిపాడు కాబట్టి ఆ పేరు. వెనకగది కిటికీకి చెక్క కొట్టి, నల్లకాగితం అంటించి, సందుల్లో గుడ్డలు కుక్కి, పగలే రాత్రి చేసుకున్న మనిషి.

"ఏంటే బుడ్డీ, దారితప్పావా?"

"దారి దొరికింది బాబాయ్. ఇది చూడు."

చూశాడు. చూసి, నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు.

"అది నేను కాల్చిందే," అన్నాడు.

ఫొటో అచ్చువేసేటప్పుడు కాగితం మీద ఒకచోట ఎక్కువసేపు వెలుగు పడనిస్తే అక్కడ నల్లబడుతుంది. వాళ్ళ భాషలో దాన్ని కాల్చడం అంటారు.

"ఆ ఒక్కరోజే మీ నాన్న, నేను వెంట లేనప్పుడు, నల్లగుడ్డ లేకుండా తీశాడు. ఎందుకు గురూ అంటే నవ్వాడు గానీ చెప్పలేదు. 'కింది పలకలో నేను పడ్డాన్రా, కాల్చెయ్' అన్నాడు. కాల్చాను. నలభై సెకన్లు. పెళ్ళిలో రీలు వెయ్యలేదు, ఉన్న ఒక్కదాన్నీ నా చేత్తోనే కాల్చాను. మీ నాన్న మొహం రెండుసార్లు నా చేతుల్లోకొచ్చి పోయిందే."

"నెగటివ్ ఏది?"

"పెట్టెలోనే ఉండాలి."

"ఉండాలి? ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూళ్ళేదా?"

"వెతికితే లేదని తేలిపోతుందేమోనని..." అతను పైన ఉన్న రేకుపెట్టెల వైపు చూశాడు.

వీళ్ళంతా ఒకే తానులో ముక్కలు, అనుకుంది బుడ్డి. ఒకరికి పిలవాలంటే భయం, ఒకరికి వెతకాలంటే భయం. రేకుపెట్టెలు తనే కిందికి లాగింది. ప్రతి కవరు మీదా ఏడాది, పేజీ నంబరు తండ్రి చేతిరాతతో ఉన్నాయి. అరగంటలో ఆ కవరు దొరికింది. నెగటివ్‌ని బల్బు ముందు పెట్టి చూస్తే, కింది మూలలో చీమంత మచ్చ.

"స్కానింగ్ షాపులో ఇద్దామా?"

"ఆర్నెల్ల కిందట ఇలాంటిదే ఒకటి ఇచ్చాను. తెల్లమచ్చ చేసి చేతిలో పెట్టారు. ఇది కాగితం మీదే తియ్యాలి." బాబాయ్ సొరుగు లాగి ఒక కవరు బయటికి తీశాడు. "పాతకాలం పల్చటి కాగితం. మూడంటే మూడు ముక్కలున్నాయి. ఈ కంపెనీయే మూతపడింది. ఇవి అయిపోతే నా కథా కంచికే."

తలుపు మూశాడు. ఎర్రబల్బు వెలిగింది. పుల్లటి మందువాసన గదినిండా లేచింది. బొమ్మని పెద్దది చేసే ఎన్‌లార్జర్ తలని పైపైకి జరిపాడు. కిటికీ పెద్దదై, పలక పెద్దదై, బల్లనిండా ఆ ఒక్క మూలే పరుచుకుంది.

మొదటి కాగితం ఎంతసేపు వెలుగు కావాలో తెలుసుకోవడానికే పోయింది. పాతబడ్డ కాగితం కదా, పొగమంచులా బూడిదరంగు తిరిగింది.

రెండో కాగితం మందులో పడింది. ఇద్దరూ వంగి చూస్తున్నారు. తెల్లకాగితం మీద ఏదో కదిలినట్టయింది. ఒక అంచు, ఒక భుజం... అంతలో నడిమధ్యన నలుపు పుట్టి, సిరా ఒలికినట్టు మొత్తం కమ్మేసింది.

"బాబాయ్! మళ్ళీ కాల్చావా?"

అతను తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "నేను కాదే... అలవాటు. గాజులో మనిషి కనపడితే చాలు, చేతులు వాటంతటవే..."

"లే అక్కణ్ణించి."

"ఏంటీ?"

"స్టూలు మీద కూర్చో. చేతులు తొడలకింద పెట్టుకో. నువ్వు లెక్కపెట్టు, నేను తీస్తాను."

"చిన్నపిల్లవి, నీకేం..."

"అద్దాలు అరగదీసే చేతులు ఇవి. వెంట్రుకవాసి తేడా రాదు. కూర్చో బాబాయ్!"

కూర్చున్నాడు. ఆఖరి కాగితం బల్ల మీద పెట్టింది. దీపం వెలిగింది. "ఒకటి... రెండు..." బాబాయ్ గొంతు ప్రార్థనలా నడిచింది. పద్దెనిమిది దగ్గర దీపం ఆర్పి, కాగితాన్ని మందులోకి జార్చి, పళ్ళేన్ని ఊయల ఊపినట్టు ఊపింది.

ముందు ఏమీ లేదు. ఎర్రటి నీళ్ళు, అడుగున తెల్లటి కాగితం. తర్వాత చెరువు అడుగునుంచి తేలివస్తున్నట్టు ఒక మనిషి. తెల్లచొక్కా అంచు తేలింది. కెమెరా నొక్కడానికి తగిలించిన తీగ పట్టుకున్న చెయ్యి తేలింది. మీసం. నుదురు. ఆఖరున కళ్ళు, ఇసుక చల్లినట్టు రేణువులు రేణువులుగా, అయినా తేటగా. ఎవరో పిలిస్తే ఇప్పుడే తలెత్తినట్టు ఉన్నాయి.

రెండో చేతిలో నల్లటి మూట ఉంది. మూటలోంచి చిక్కుడుగింజంత తెల్లటి మొహం ఒకటి బయటికి చూస్తోంది.

"ఓరి గురూ," అన్నాడు బాబాయ్, తొడలకిందనుంచి చేతులు తియ్యకుండానే. "ఇందుకా ఆరోజు నవ్వావు! గుడ్డ పిల్లకి చుట్టావా!"

బుడ్డి పళ్ళెం ఊపుతూనే ఉంది. తనని తండ్రి ఎత్తుకున్న సంగతి ఆమెకి ఆ నిమిషం దాకా తెలీదు.

కడిగి, ఆరబెట్టి, ఇద్దరూ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం నాలుగైంది. ఎండ కిటికీలోంచి వాలి గచ్చు మీద పడుకుంది. తల్లి కుర్చీలో కూర్చుని ఫొటోని ఒళ్ళో పెట్టుకుంది. బాబాయ్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు, తీర్పు వినే ముద్దాయిలా.

"ఇది నువ్వే," అంది తల్లి, మూట మీద వేలు పెట్టి. "నాలుగోనెల. ఆవేళ పన్ను పీకించుకోడానికి వెళ్ళి నిన్ను ఆయనకి అప్పజెప్పాను. కదలకుండా ఇంట్లోనే ఉంటానన్నాడు, అబద్ధాలకోరు!"

వేలు పైకి జరిగింది. మొహం దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఈయన కాదే," అంది.

"సరిగ్గా చూడు వదినా," అన్నాడు బాబాయ్.

"చూస్తూనే ఉన్నానయ్యా. పోలికుంది. కానీ ఈ పాపిడేంటి, ఇటుంది? మచ్చ కుడిబుగ్గ మీద కదా ఉండాలి? ఎవరో మనిషి... ఆయన వేషం వేసుకుని వచ్చినట్టుంది." ఫొటోని నెమ్మదిగా బోర్లా పెట్టింది. "పోనీలే. మీరు కష్టపడ్డారు. అంతే చాలు."

"మూడోసారి," అన్నాడు బాబాయ్, గోడకి చేరగిలబడి. "మూడోసారి కూడా పోగొట్టాను. కాగితం కూడా అయిపోయింది."

బుడ్డికి షాపు గుర్తొచ్చింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని బాగుందంటారు. వాళ్ళనే ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే, ఇది నేనేనా, మొహం వంకరగా ఉందేంటి అంటారు. రోజూ వినే మాట.

"అమ్మా, నువ్వు నాన్నని అద్దంలో చూశావా, ఎదురుగా చూశావా?"

"అదేం ప్రశ్నే? ఎదురుగానే."

"ఇది అద్దంలో పడ్డ మనిషమ్మా. కుడి ఎడమైంది."

ఫొటో తీసుకుని కిటికీ దగ్గరకి నడిచింది. బొమ్మ వీధివైపుకి, వెనకభాగం గదిలోకి వచ్చేలా కాగితాన్ని గాజుకి ఆనించి, రెండు అరచేతుల్తో అదిమి పట్టుకుంది. పల్చటి కాగితం. బయట నాలుగుగంటల ఎండ. వెలుగు కాగితంలోకి ఇంకి, తేనెరంగులోకి తిరిగి, ఆ వెలుగులోంచి మనిషి ఇవతలికి వచ్చాడు. పాపిడి అటుది ఇటు. మచ్చ కుడిబుగ్గ మీద.

తల్లి లేచింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, కుర్చీ పట్టుకోవడం మర్చిపోయి లేచింది. నిద్రలో నడిచినట్టు కిటికీ దాకా వచ్చింది. వీధిలో ఎవరో వెళ్తుంటే ఆ నీడ కాగితం మీదుగా జరిగింది. ఆయనే కాస్త కదిలి నిలబడ్డట్టనిపించింది.

"ఇటు తిరిగాడే," అంది తల్లి.

బుడ్డి చేతులు తిమ్మిరెక్కాయి. అయినా తియ్యలేదు. బాబాయ్ గుమ్మం దాటి లోపలికొచ్చి, ఒక మూల తనూ అరచెయ్యి ఆనించి పట్టుకున్నాడు. ఈసారి ఆ చెయ్యి వెలుగుకి అడ్డం రాలేదు.

తల్లి ఇంకా దగ్గరకి జరిగింది. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరకి. కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ చూసింది. అప్పుడు ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"మెడకింద చెయ్యి పెట్టి ఎత్తుకోమని ఎన్నిసార్లు చెప్పానయ్యా నీకు?" అంది కిటికీతో. "నాలుగునెలల పిల్ల. తీగ పట్టుకోడానికి మాత్రం చెయ్యి దొరికింది!"