మూడో చరణం

చర్చిలో ద్రాక్షరసం పంచే ప్రభు భోజనపు గ్లాసులు నూట ఇరవై. ఒక్కొక్కటీ బొటనవేలంత. శనివారం పొద్దున వాటిని కడిగి తుడుస్తుంటే మా ఆయన వంటగది గుమ్మంలో నిలబడి, "రేపు ప్రసంగానికి ముందు మనం సమాధుల దగ్గర పాడే పాట గురించి చెప్పాలి. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, అర్థమేంటి. ఓ రెండు పేజీలు రాసిపెట్టు. నీకెలాగూ ఖాళీయే కదా" అన్నారు.

ఆయన పాస్టరు. పద్నాలుగేళ్లుగా ఆ ప్రసంగాలు రాసేది నేను, ఆరాధనలో హార్మోనియం వాయించేది నేను. "మీ ఆయనకెంత జ్ఞానమమ్మా!" అని అందరూ వచ్చి నాకే చెబుతారు. "వాడు పుట్టుకతోనే అంత" అని మురిసిపోతారు అత్తగారు.

పాటల పుస్తకంలో ఆ పాట కింద 'అజ్ఞాత భక్తుడు' అని మాత్రమే ఉంది. మా గాయకబృందంలో అందరికన్నా పాతావిడ, రిటైరైన నర్సు, కింది స్వరం పాడుతుంది కాబట్టి అందరూ ఆల్టో మామ్మ అంటారు. ఆవిడకేమైనా తెలుసేమోనని వెళ్లాను. వింటూనే పకపకా నవ్వింది.

"సమాధుల పాటా? ఎవరన్నారమ్మా? అది పురిటి పాట! మా అమ్మమ్మ మంత్రసాని. తనే కట్టి, నొప్పులు పడే పిల్ల చెయ్యి పట్టుకుని పాడేది. లోపలి బిడ్డకీ వినబడాలని గట్టిగా పాడేదట."

పరుపు కిందనుంచి వాళ్లమ్మమ్మ నోటు పుస్తకం తీసింది. పేజీల నిండా పుట్టిన బిడ్డల పేర్లు, తేదీలు. చివరి పేజీలో ఆ పాట.

'ఇరుకు దారి ఇంచుకే, ఇక వెలుగే బిడ్డా. ఓర్చుకొనుము ఇంచుక, ఒడి చేరెదవు బిడ్డా.'

ఎన్ని శవపేటికల పక్కన పాడాను దీన్ని! ఇరుకు దారి అంటే మరణమనీ, ఒడి అంటే పరలోకమనీ ఎన్నిసార్లు రాసిచ్చాను! అవే మాటలు ఇప్పుడు తడితడిగా, వెచ్చగా, కేరుమంటూ నా చేతుల్లో పడ్డాయి. నా పురుడు గుర్తొచ్చింది. "అరవకు, పాస్టరు గారి భార్యవి, బయట సంఘపెద్దలున్నారు" అన్నారు అత్తగారు. పెదవి కొరుక్కుంటూ కన్నాను. నాకెవరూ పాడలేదు.

నోటు పుస్తకంలో మూడు చరణాలున్నాయి. అచ్చులో రెండే.

"దేవుణ్ణి తల్లీ అని పిలవడమేంటని అచ్చువేసేటప్పుడు పెద్దలు కొట్టేశారంట" అంది మామ్మ.

"పేరు కూడా ఎందుకు తీసేశారు?"

"మంత్రసానే కదా, పేరెందుకులే అనుకునుంటారు."

దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. రెండు కాదు, ఎనిమిది పేజీలు రాశాను. స్టవ్ మీద పాలు పొంగాయి. పొంగనీ. పద్నాలుగేళ్లలో నా కలం ఇంతలా పరుగు తీయడం ఇదే మొదటిసారి. అక్షరాలు నాకే అందడం లేదు.

సాయంత్రం ఆయన చదివి ఎర్ర పెన్ను తీశారు. "బాగానే ఉంది కానీ ఈ పురిటి గొడవ తీసెయ్. మూడో చరణం అసలొద్దు. భక్తుడు అనే ఉంచు, ఎవరికి నష్టం?"

ఆయన కొట్టేయగా మిగిలినదాన్ని తిరగరాసి ఇచ్చాను.

ఆదివారం ఆయన మిగిలిన ఒకటిన్నర పేజీ చదివారు. రెండు చరణాలూ పాడాం. పుస్తకాలు టపటపా మూసుకున్నాయి. నా వేళ్లు మాత్రం ఆగలేదు. ఆయన వేదిక మీదనుంచి తిరిగి చూశారు. అయినా ఎత్తుకున్నాను.

'నను కన్న నొప్పి నీదే, నా దేవా, నా తల్లీ...'

మొదటి పాదంలో వణికాను. రెండో పాదంలో కిందనుంచి ఆల్టో మామ్మ గంభీరమైన గొంతు వచ్చి నన్ను పట్టుకుంది. తర్వాత ఆడవాళ్ల వరసలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. మాటలు రాకపోయినా రాగం పట్టుకుని, మమ్మల్ని అల్లుకుపోయారు.

ఆరాధన ముగిశాక ఆయన నన్ను పక్క గదిలోకి పిలిచి, పళ్లబిగువున, "ఎవర్నడిగి పాడావు?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"ఎవర్నీ అడగలేదండీ. వచ్చే ఆదివారం ఏం చెప్పాలో కూడా నాకు తెలుసు. కాకపోతే ఈసారి రాసివ్వను. నేనే చెబుతాను."