అక్క నడిపితేనే వచ్చే చప్పుడు

మా అక్క బండికి చప్పుడు పట్టుకుంది. ఆ మాటను ఇంట్లో ఎవరికో జ్వరం పట్టుకుందన్నట్టే చెప్పింది, కంచం ముందు కూర్చుని, కళ్లు సగం మూసుకుని.

"గేరు వేసినప్పుడల్లా కటక్కుమంటోందే. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ కూడా పడి చావట్లేదు. రేపు నాకు సెలవు. నేను పడుకుంటా, నువ్వు మామ దగ్గరికి తీసుకెళ్లు."

"ఎలాంటి చప్పుడక్కా? ఎటువైపు నుంచి?"

"చెప్పాగా, కటక్ అని. డిగ్రీ చదివావు, ఆ మాత్రం అర్థం కాదా?"

అని, చెయ్యి కడుక్కోకుండానే గోడకు ఆనుకుని నిద్రపోయింది. అమ్మ తడిగుడ్డ తెచ్చి ఆమె వేళ్లు తుడిచింది.

అక్క పార్సిళ్లు చేరవేస్తుంది. వెనక పెద్ద పెట్టె కట్టుకుని పొద్దున బయలుదేరితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. ఆ ఫీజులన్నీ ఆ బండి చక్రం తిరిగి కట్టినవే. ఇప్పుడు నాకూ లెక్కల ఆఫీసులో ఓ చిన్న ఉద్యోగం వచ్చింది కానీ, ఇల్లు ఇంకా ఆమె బండి మీదే నడుస్తోంది. అందుకే చప్పుడనగానే నేను రోజులు లెక్కపెట్టాను. గేర్‌బాక్స్ విప్పితే బండి వారం దాకా షెడ్డు దాటదు. వరసగా మూడు రోజులు రాకపోతే కంపెనీవాళ్లు రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

మామ మాకు చుట్టమేమీ కాదు. బండి ఉన్నవాళ్లందరికీ ఆయన మామే. ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉంది. "ఏదో శబ్దం వస్తోంది" అంటే ఒప్పుకోడు, నోటితో చేసి చూపించాలి. ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు కూడా అక్కడ నిలబడి గరగర, కీచుకీచు అంటూ ఉంటారు.

పొద్దున నేను బండి తీసుకెళ్లగానే నాకూ అదే పరీక్ష పెట్టాడు. "చప్పుడు చెయ్యి ఆఫీసరమ్మా, సిగ్గుపడకు."

"కటక్," అన్నాను.

"గట్టిగా కటక్కా, లోపల్లోపల కటక్కా?"

"అక్క కటక్ అంది మామా. నేను వినలేదు."

"అంటే అరువు చప్పుడన్నమాట," అని బండిని స్టాండు వేసి స్టార్ట్ చేశాడు.

పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజను పక్క మూతకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. నన్ను క్లచ్ వదలమని విన్నాడు, లాగమని విన్నాడు. వదిలినప్పుడు ఉండి లాగగానే పోయే మోత అయితే గేర్‌బాక్స్ బేరింగుదట, లాగితేనే మొదలయ్యేదైతే క్లచ్‌దట. రెండూ లేవు. చెయిను కదిపి చూశాడు. కాస్త ఆయిల్ తీసి వేళ్ల మధ్య రుద్దాడు, ఇనుప రజను తగల్లేదు. నేను వీధి చివరిదాకా నడిపి వచ్చాను. గేర్లన్నీ చెప్పిన మాట విన్నాయి.

"బండి బంగారంలా ఉంది. మీ అక్కను రమ్మను."

"తనకు తీరికెక్కడిది మామా?"

"దగ్గు ఒకరిది, మందు ఇంకొకరు తాగుతారా?"

మర్నాడు సాయంత్రం నేను ఆఫీసు నుంచి షెడ్డుకు వెళ్లేసరికి అక్క వచ్చి ఉంది. నుదుటి మీద హెల్మెట్ గీత, ముఖం పిండి ఆరేసిన గుడ్డలా ఉంది.

"ఏం మామా, నా బండి నీ దగ్గర బుద్ధిమంతురాలైపోయిందట?"

"నువ్వే ఎక్కి దాని బండారం బయటపెట్టు తల్లీ."

బండి మళ్లీ స్టాండెక్కింది. నేను టార్చి పట్టుకున్నాను. అక్క క్లచ్ లాగి మొదటి గేరు తొక్కింది. కటక్! బండంతా అదిరి ముందుకు తూగింది.

"విన్నారా? చెప్తే నమ్మరు."

ఆమెను దింపి మామ తను ఎక్కి వేశాడు. టిక్ అంది, అంతే. మళ్లీ అక్క. కటక్!

"ఇదెక్కడి చోద్యం! దీనికి మనిషి వాసన తెలుస్తోందా ఏంటి?" అంది అక్క. నవ్వబోయింది కానీ మధ్యలోనే ఆవలింత వచ్చింది.

మామ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. టార్చిని ఇంజను మీద నుంచి హ్యాండిల్ మీదికి తిప్పమన్నాడు.

"క్లచ్ లాగు తల్లీ."

"లాగాను."

"పూర్తిగా."

"పూర్తిగానే లాగాను మామా, కనబడట్లేదా?"

లివరుకూ పిడికీ మధ్య నా వేళ్లు దూరేంత సందు ఉంది. అక్క అబద్ధం చెప్పడం లేదు. మణికట్టు నరాలు ఉబ్బి, చెయ్యి భుజం దాకా వణుకుతోంది. ఇంకా లాగాల్సింది ఉందన్న సంగతి ఆమె వేళ్లకు తెలియడం లేదు, అంతే.

టార్చి మామకిచ్చి, ఆమె చేతి మీద నా చెయ్యి వేసి నొక్కాను. లివరు పిడికి తగిలింది.

"ఇప్పుడు వెయ్యి," అన్నాడు మామ.

టిక్.

నా చేతికింద ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

"సగం లాగి గేరు వేస్తే లోపల పళ్లు కొట్టుకోక ఏం చేస్తాయి?" అని మామ ఇంజను ఆపాడు. "ఎన్నాళ్ల నుంచి తిమ్మిరి?"

"రోజంతా ట్రాఫిక్‌లో క్లచ్ పట్టుకుంటే ఎవరికి ఉండదు మామా?"

"అది కాదు నేనడిగింది."

"వానలప్పటినుంచి. రాత్రిపూట దులిపితే పోయేది. ఇప్పుడు దులిపినా పోవట్లేదు." వెంటనే గొంతు మార్చింది. "కేబుల్‌కు నూనె వేసి, లివరు తేలిగ్గా అయ్యేలా సర్దిచ్చెయ్యి. చప్పుడు పోతుందిగా?"

"పోతుంది."

"ఇంక మాటలెందుకు? ఏమే, అమ్మకు చెప్పావంటే ఊరుకోను."

"చెప్తాను," అన్నాను. "రేపు సెలవు పెడుతున్నా. ఆసుపత్రికి పోదాం."

"రూటు పోతే నువ్వు తెచ్చిస్తావా?"

మేమిద్దరం వాదించుకుంటుండగానే మామ క్లచ్ కేబుల్ ఊడదీసి, చుట్టచుట్టి పాత ఇనుము డబ్బాలో పడేశాడు.

"తీగ చీలింది. కొత్తది వెయ్యాలి. సరుకు లేదు, రెండు రోజులు పడుతుంది."

అక్క ఆయన తల వెనక గోడ వైపు చూసింది. నేనూ చూశాను. మేకుకు కొత్త కేబుళ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి.

"అవేంటి మామా?"

"ఏవి?"

"అవే. నీ నెత్తి మీదున్నవి."

"నాకేం కనబడట్లేదమ్మా. వయసైపోయింది."

అక్క కోపం తెచ్చుకోబోయింది. కోపానికైనా ఓపిక ఉండాలి కదా. వెళ్లి బల్ల మీద కూలబడింది.

"రెండు రోజులేనా?"

"డాక్టరుకు చూపించుకుని వస్తే రెండు. లేకపోతే ఆ సరుకు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి."

"మూడో రోజు దాటితే రూటు పోతుంది మామా."

"తెలుసు కాబట్టే రెండన్నా."

చాలాసేపటికి అక్క ఫోన్ తీసింది. "సార్, ఎల్లుండి దాకా రాలేను... బండి సార్... అవును, క్లచ్చే." ఎడమ చెయ్యి ఒడిలో వెల్లకిలా పడి ఉంది. వేళ్లు ఇంకా లివరును పట్టుకున్నట్టే సగం ముడుచుకుని ఉన్నాయి.

ఫోన్ పెట్టేసి నావైపు చూసింది.

"ఆసుపత్రికి ఎంత పొద్దున్నే పోవాలే? కాస్త నిద్రపోనిస్తావా?"