తార్నాకలో చైనా కోటా

కాత్యాయని యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెబుతుంది. తన దగ్గర పరిశోధన చేస్తున్న చైనా అమ్మాయి షుయింగ్‌కు తార్నాకలోని తన ఫ్లాటు అద్దెకిచ్చింది. సామాను లిఫ్టు దాకా వచ్చిందో లేదో, అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు పేరయ్య ఎదురొచ్చాడు.

"మేడమ్, మన బిల్డింగులో చైనావాళ్లకు కోటా ఒక్కటే. అది నిండిపోయింది."

"ఎవరితో?"

"మూడో అంతస్తులో కుర్రాడున్నాడుగా."

"అతనిది మిజోరం అండీ."

పేరయ్య కాస్త తగ్గాడు గాని, దారి వదల్లేదు.

షుయింగ్ హాస్టల్లో ఉండగా తెలుగు బాగానే పట్టేసింది. "సార్, గీ కోటా అందరికా, నా ఒక్కదానికేనా?" అని అడిగింది.

పేరయ్య ఉలిక్కిపడ్డాడు. "అందరికీనమ్మా. మాకు తేడాల్లేవు. ఊరికి ఒక్క ఇల్లే," అనేశాడు.

ఆదివారం మీటింగులో తేలుద్దామన్నారు. అప్పటిదాకా సామాను క్యాంపస్‌లో కాత్యాయని గదిలో పెట్టారు. సందేహాలకు వచ్చిన విద్యార్థులు రైస్ కుక్కర్ డబ్బా మీద కూర్చున్నారు.

మీటింగులో కింది ఫ్లాటు భాగ్య లేచింది. ఆమెది లాలాపేట్. "ఊరికి ఒక్క ఇల్లే అంటిరి గదా. గీడ తెనాలోళ్లే ఏడిండ్లున్నరు. ఆరిండ్లు ఖాళీ చేయాలె మరి."

తెనాలివాళ్లలో కలకలం రేగింది. ఒకాయన తాను పుట్టింది బాపట్లలోని అమ్మమ్మగారింట్లో అన్నాడు. ఇంకొకాయన తమది తెనాలి కాదు, పక్క పల్లె అన్నాడు. చివరికి, తెనాలివాళ్లలో అందరికంటే ఆలస్యంగా బిల్డింగులో చేరిన పేరయ్యే ముందు ఖాళీ చేయాలన్నారు.

పేరయ్య తన భార్య విజయశ్రీ వైపు చూశాడు.

"నాది రేపల్లె. ఆ కోటాలో నేనిక్కడే ఉంటా," అందామె. "మీరు సీతాఫల్‌మండిలో ఓ గది చూసుకోండి. కూరలు పంపిస్తాలెండి."

"కోటా రద్దు," అన్నాడు పేరయ్య. పరువు నిలుపుకోవడానికి షుయింగ్ వైపు తిరిగి, "అమ్మాయ్, నిన్ను ప్రత్యేకంగా అనుమతిస్తున్నాం," అన్నాడు.

"ప్రత్యేకం వద్దు సార్. అందరికెట్లనో నాకట్లనే."

అందరిలాగే ఆమెకూ నీళ్ల మోటారు వేసే వంతు పడింది. మంగళవారం మోటారు ఆపడం మరిచిపోయి క్యాంపస్‌కు వెళ్లిపోయింది. ట్యాంకు పొర్లి పేరయ్య ఆరేసుకున్న పంచెలన్నీ తడిసిపోయాయి. సాయంత్రం ఆమె గేటు దాటగానే పట్టుకుని, బిల్డింగులో అందరినీ తిట్టే తిట్లే, ఒక్కటీ తగ్గించకుండా తిట్టాడు.

షుయింగ్ తలొంచుకుని మొత్తం విన్నది. పైకి వెళ్లి కాత్యాయనికి ఫోన్ చేసింది.

"మేడమ్, నన్నుగూడ తిట్టిండు," అంది సంబరంగా.