రోటర్ లేని జీపు

సొమ్ము ఒకడిది, సోకు ఒకడిది అంటారే, సిరోంచలో దేవక్క జీపు సంగతి సరిగ్గా అదే. మిలిటరీ వేలంలో కొన్న పాత జీపది. మొగుడు ఐలన్న దానిలో అహేరి దాకా మనుషుల్ని దింపొస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఏ తాళంచెవి పెట్టినా స్టార్ట్ అయ్యేది. అదే కొంప ముంచింది. కిందటేడు తునికాకు కాంట్రాక్టర్ గోపాల్‌రావు మనుషులు చెప్పాపెట్టకుండా పట్టుకుపోయి, మూడు వారాలు అడవిలో తిప్పి, ఇరుసు విరిగాక తెచ్చి వాకిట్లో పడేశారు. సిగ్గూ శరం ఉంటే కదా! ఇరుసు మళ్లీ వీళ్లే వేయించుకోవాల్సి వచ్చింది.

ఈ ఏడు సరిగ్గా ఆకు కోసే కాలానికే ఐలన్న కాలు విరిగి మంచాన పడ్డాడు. "వాళ్లతోని మనకెందుకే? అడిగితే ఇచ్చెయ్" అన్నాడు. దేవక్కకు ఒళ్లు మండింది. అడవిలో బండి ఆపినప్పుడల్లా మొగుడు బానెట్ ఎత్తి, రోటర్ అనే నల్లటి బుడిపె పీకి జేబులో వేసుకోవడం ఆమె వందసార్లు చూసింది. అది లేకుంటే ఇంజన్ అంటుకోదు. ఆమె దాన్ని పీకి, వక్కల సంచిలో వేసి నడుముకు దోపుకుంది.

గోపాల్‌రావు మనుషులు ఈసారీ పట్టపగలే వచ్చారు. ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు. తోస్తే అవుతుందనుకుని దిగుడు సందులోకి తోసుకుపోయారు. అప్పుడూ కాలేదు. జీపు పోయిపోయి సందు చివర గోపాల్‌రావు ఆకు ఆరబెట్టే కల్లం గేటుకే అడ్డంగా ఆగింది. లోపల ఆకు నింపిన లారీ బయటికి రాలేక నిలబడింది. పడమట మబ్బు పట్టింది. తడిస్తే ఆ ఆకు బీడీకి పనికిరాదు.

దేవక్క పరుగున వచ్చి, జీపెక్కి, బ్రేకు మీద కాలు వేసింది.

"రోటర్ లేదు సేటూ" అన్నాడు వాళ్ల డ్రైవరు, బానెట్ మూస్తూ.

లోపలి నుంచి వచ్చిన గోపాల్‌రావు నవ్వు తెచ్చుకున్నాడు. "దేవక్కా, గది జర ఇటియ్యి. పనైనంక బండి పంపిస్త. పెద్దోళ్లతోని లొల్లి మంచిది కాదు."

"పెద్దోనివైతే అడిగి తీస్కపోదువు. అడగకుంట తీస్కపోయేటోన్ని దొంగ అంటం."

ఆకు కట్టలతో నిలబడ్డ ఆడవాళ్లలోంచి నర్సక్క, "దొంగనే గదా మరి!" అంది. అందరూ పక్కున నవ్వారు.

డ్రైవరు చెయ్యి చాచాడు. దేవక్క సంచిలోంచి రోటర్ తీసి జీపు ఇనుప రేకు మీద పెట్టి, చక్రానికి అడ్డం వేసేందుకు సీటు పక్కన ఉంచిన రాయి ఎత్తింది. అది పగిలితే చంద్రాపూర్ దాకా పోయినా ఇంకోటి దొరుకుతుందో లేదో, ఇల్లు గడిచేదెట్లాగో ఆమెకు తెలియదు. అయినా చెయ్యి దించలేదు.

"ముట్టుకో, పిండి చేస్త! నా బండి నా వాకిట్ల తుప్పువట్టి పోనీ. నీ అడవిల మాత్రం తిరగది."

టపటపా నాలుగు చినుకులు పడ్డాయి. గోపాల్‌రావు పని మింగలేక, కక్కలేక అన్నట్టయింది.

"ఇగ ఏం చెయ్యమంటవ్?"

"ఎట్ల తెచ్చిన్రో అట్లనే నూకుకుంట తీస్కపోయి నా వాకిట్ల పెట్టున్రి. నువ్వు సుత నూకాలె."

ఆకు లారీ వంక చూసి, గోపాల్‌రావు ధోతి పైకి దోపి జీపుకు భుజం ఆనించాడు. దేవక్క స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. సగం ఎత్తు ఎక్కేసరికి అతనికి రొప్పు వచ్చింది.

"ఆగకు సేటూ, ఆగితే నీ మీదికే వస్తది" అంది దేవక్క.