ఎర్రగుడ్డ కట్టిన పెట్ట

విడవలూరుకు తూర్పున సముద్రం ఒడ్డు పల్లెలో కోళ్ల సంగతి ఎవరికి సందేహం వచ్చినా కామమ్మ వాకిట్లోకే వచ్చేవాళ్లు. ఏ పెట్ట పొదుగుతుందో, ఏది గుడ్లు తాగుతుందో చూపుతోనే చెప్పగల మనిషి. అలాంటి కామమ్మకు ఆ ఏడు ఒక్క కోడి కూడా మిగల్లేదు. ఎండాకాలంలో కొక్కెర తెగులు వచ్చి పదకొండింటినీ వారం తిరక్కుండా తుడిచిపెట్టింది. ఖాళీ గంప చూరుకు వేలాడుతూ ఉండేది.

వానలు మొదలయ్యేముందు సమితి ఆఫీసు వాళ్లు తెల్ల సీమకోళ్లు ఇస్తామని పేర్లు రాసుకోవడానికి వచ్చారు. వాకిలికి ఆరు పెట్టలు, వాకిలికి ఒక పేరు. ఆ రోజు కామమ్మ చేపల తట్ట ఎత్తుకుని విడవలూరు పోయింది. తిరిగొచ్చేసరికి తోడికోడలు చెంచమ్మ తన పేరు రాయించేసుకుంది. పుట్టి బుద్ధెరిగి ఒక కోడికి గింజ చల్లి ఎరగని మనిషి! పెద్దకోడలి పేరు చెబితే నోరు అరిగిపోతుందా? కామమ్మకు కడుపు మండింది. ఎవరి పేరైతే ఏముందిలే, ఒకే వాకిలి గదా అని అత్త ముసలమ్మ సర్దిచెప్పబోయేసరికి ఇంకా మండింది.

కోళ్లు వచ్చాయి. మూడు నెలల లేతపెట్టలు, చాకలి ఉతికిన బట్టంత తెలుపు. తెగులు రాకుండా సూది కూడా వేసి పంపారు. చెంచమ్మ తిన్నగా కామమ్మ దగ్గరికే వచ్చి గంప అడిగింది, వీటిని ఎట్టా సాకాలో చెప్పమని కూడా అడిగింది.

కామమ్మ పరువుకు పోయి గంప ఇచ్చింది. చెప్పడమూ బాగానే చెప్పింది. కొత్త చోటికి వచ్చిన కోడిని మూడు రోజులు గంప కిందే ఉంచాలి, చుట్టూ సందడి ఉండకూడదు. ముందు నీళ్లు, ఆ తర్వాతే మేత. నూకలూ రాగులూ కలిపి చల్లాలి, తవుడు పెడితే గంజితో పొడిపొడిగా తడపాలి. నాలుగోరోజు పొద్దుగూకే ముందు ఒక గంట వదిలితే చీకటి పడేసరికి గంప వెతుక్కుంటూ అవే వస్తాయి. ఎండుచేప దంచి పెడితే ఎముక గట్టిపడుతుంది. అక్కడితో ఆపేసింది.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. కోళ్లకు పెట్టేది ఉప్పు తగలకుండా ఇసుకలో ఎండిన చిన్న నెత్తళ్ల చేపలు. వానల్లో అవి దొరకవు. అప్పుడు ఇళ్లలో ఉండేవి ఉప్పులో ఊరేసిన కానాగంత చేపలే. వాటిని మూడు నీళ్లు కడగకుండా పెడితే లేతకోడికి ఆ ఉప్పే విషం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే చెంచమ్మ పైట చెంగుతో ఒక పెట్ట ముక్కు తుడుస్తూ మురిసిపోతూ ఉంది. కామమ్మ మాట మింగేసింది. అడిగితే చెబుతాలే అనుకుంది. అలాంటిది ఒకటుందని తెలిస్తే గదా అడగడానికి!

కోళ్లు చక్కగా మాలిమి అయ్యాయి. చెంచమ్మ ఎటు పోతే అటు గునగునా వెంటపడేవి. ఒక పెట్ట కాలికి ఎర్రగుడ్డ ముక్క కట్టి, దాన్ని ఒళ్లో పెట్టుకుని అరచేతిలో మేత తినిపించేది. పల్లెలో ఆడవాళ్లు చూసిపోవడానికి వస్తే చెంచమ్మ కోళ్లు, చెంచమ్మ కోళ్లు అనేవాళ్లు. తన గంప, తను చెప్పిన పద్ధతి, పేరు మాత్రం ఆమెది. ఆ ఎర్రగుడ్డను చూస్తే కామమ్మకు అన్నం సయించేది కాదు.

వానలు పట్టుకున్నాక ఒకరోజు రోట్లో దంచుతున్న చప్పుడుతో పాటు ఉప్పుచేప వాసన వచ్చింది. కామమ్మకు అర్థమైంది. ఒకటో రెండో పోతే పోనీ, తిక్క కుదురుతుంది అనుకుని లేవలేదు.

రెండోరోజు మధ్యాహ్నానికే కోళ్ల ముంత నాలుగుసార్లు ఖాళీ అయింది. అంత దాహం ఎందుకో కామమ్మకు తెలుసు. వలకు వేస్తున్న ముడి రెండుసార్లు తప్పింది. అయినా లేవలేదు.

మర్నాడు పొద్దున చెంచమ్మ చచ్చిన పెట్టను ఒళ్లో వేసుకుని వచ్చి ఎదురుగా కూలబడింది. ఎర్రగుడ్డ కట్టిన పెట్ట.

"ఇది నీదక్కా. నీ కోళ్లు పోయినప్పుడు నువ్వు రెండు రోజులు కూడు తినలా. గుడ్డు పెట్టేదాకా సాకి నీకిద్దామని గుర్తుకు గుడ్డ కట్టినా. మిగతావాటికంటే దీనికే ఒక పిడికిడు చేప ఎక్కువ పెట్టినా" అంది.

కామమ్మ లేచి పోయి ఆ చేప పొడిని దిబ్బలో పారబోసింది. సాయంత్రం దాకా మంచినీళ్లు కొంచెం కొంచెంగా తాపుతూ మిగతా అయిదింటి దగ్గరే కూర్చుంది. అవి తేరుకుని నిలబడ్డాక, దాచుకోలేక చెప్పేసింది.

"ఉప్పుచేప కడిగి పెట్టాల. నాకు తెలుసు. నీకు చెప్పలా."

చెంచమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఆమె పెట్ట కాలికున్న గుడ్డ విప్పుకుని, పెట్టను ఇసుకలో పూడ్చడానికి వెళ్లిపోయింది.

మూడు నెలలకు తొలి గుడ్డు పడింది. పెంకు లేకుండా తోలులా మెత్తగా ఉంది. చెంచమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని కామమ్మ గుమ్మం దాటి పోయి, ఎందుకిట్టా అయిందని ముసలమ్మను అడిగింది. జన్మలో కోడిని సాకని ముసలమ్మ దిష్టి తగిలిందని తేల్చింది.

ఒడ్డున గుల్లలు ఏరి దంచి పెడితే పెంకు గట్టిపడుతుందని కామమ్మకు తెలుసు. ఆమె గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఈసారి ఏమీ తెలియని ఆ ముసలమ్మను చూసి కామమ్మకు కడుపు మండింది.